నా పేరు మీద రివాల్వర్

స్టీవెనేజ్,
16 జూన్ 2024

చిరంజీవి విజయభాస్కర్‌కు,

దీవెనలు ఉత్తరం చివర ఉంటాయి. ముందు నా మాట విను. ఫోన్లో చెబుదామంటే నాలుగు మాటలు కాకముందే "అమ్మా, వార్డు నుంచి పిలుస్తున్నారు" అని పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా మధ్యలో పెట్టేయలేవు గదా. అందుకే పక్క వీధి జయలక్ష్మిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. ఆమె మన దిక్కు బడిలో తెలుగు చెప్పిన మనిషి. నా మాటలు దిద్ది రాస్తుంది, తిట్లలో సగం మింగేస్తుంది. కాబట్టి చదివేటప్పుడు కోపాన్ని నువ్వే రెండింతలు చేసుకో.

నిన్న తుపాకుల క్లబ్బు వాళ్ళు నన్ను పూర్తి మెంబరుగా తీసుకున్నారు. ఇన్ని నెలలూ కొత్త మనిషినని పక్కన ఒకరు నిలబడితేనే కాల్చనిచ్చారు. నిన్న క్లబ్బు నడిపే కీత్ అందరి ముందు చెయ్యి కలిపి, "కమలా, ఇక పోలీసులకు అప్లికేషన్ పెట్టు, నీ రివాల్వర్ నువ్వు చూసుకో" అన్నాడు. ఆ సంతోషం చెబుదామని నీకు ఫోన్ చేస్తే నువ్వేం చేశావు? ముందు నవ్వావు. తర్వాత "టాబ్లెట్లు వేసుకుంటున్నావా?" అన్నావు. ఆ ప్రశ్నకూ నా మాటకూ ఏం సంబంధం?

తుపాకి అనగానే జయలక్ష్మి కూడా కలం కింద పెట్టి "అక్కా, ఎవలింటి మీదికి పోతున్నవ్?" అంది. ఆమెకు చెప్పిందే నీకూ చెబుతున్నాను. ఈ ఇంగ్లండు దేశంలో తూటా పెట్టి కాల్చే చేతి తుపాకులు మామూలు మనుషులకు నిషేధం. పాతకాలపు తీరులో తిరిగే రోలులోని గదిగదికీ తుపాకి మందు పోసి, పైన సీసపు గుండు కుదించి కాల్చే రివాల్వర్ అయితే సర్టిఫికెట్ మీద ఇస్తారు. అదీ అట్ట మీద గీసిన చక్రాన్ని కాల్చడానికి. మీ బాపు ఇరవై ఏళ్ళు కాల్చింది అదే. ఆ ఇరవై ఏళ్ళూ ఆదివారం ఆదివారం నేను క్లబ్బు వంటగదిలో టీ కాచాను, చూసేవాళ్ళ గదిలో అద్దం వెనక కూర్చుని చూశాను. ఇంటికి వచ్చాక ఆయన ముందు కూర్చుని వేడి నీళ్ళు, సబ్బు పెట్టి ఆ మసి కడిగాను. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. "నువ్వు ఒక్కసారి కాలుస్తవా?" అని ఆయన ఒక్కనాడూ అడగలేదు. చెడ్డవాడై కాదు. ఆయనకు తోచలేదు.

ఆయన పోయిన వారంలోనే పోలీసులు వచ్చి రెండు రివాల్వర్లూ తీసుకుపోయారు. చట్టం అది, తప్పు పట్టను. కానీ డీలరు కాగితం మీద "అమ్మేయండి" అని సంతకం చేసింది ఎవరు? నువ్వు. వంటింట్లో ఉన్న నన్ను పిలిచి ఒక్క మాట అడిగావా? బాపుకు తోచలేదు, నీకూ తోచలేదు. మీ ఇద్దరిదీ ఒకటే రక్తం.

నాకు డెబ్బై రెండేళ్ళు. నా పేరు మీద ఏముంది చెప్పు? మన ఊరి ఇల్లు మీ తాత పేరు, ఇక్కడి ఇల్లు బాపు పేరు, ఇప్పుడు నీ పేరు. కరెంటు బిల్లు కూడా నీ పేరు మీదే వస్తుంది. ఆ సర్టిఫికెట్ మీద నా ఫోటో ఉంటుంది, నా పేరు ఉంటుంది. దానికోసం జయలక్ష్మి దగ్గర ఇంగ్లీషులో సంతకం నేర్చుకున్నాను. వంకరగా వస్తుంది గానీ వస్తుంది.

నువ్వు ఏ కాగితం మీదా సంతకం పెట్టనక్కర్లేదు. తెలిసి ఉండాలని రాయించాను, అంతే. నీకూ, కోడలు ప్రవల్లికకూ దీవెనలు.

ఇట్లు,
మీ అమ్మ కమలాబాయి

·

షెఫీల్డ్,
27 జూన్ 2024

అమ్మకు నమస్కారాలతో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తెలుగు రాసి చాలా ఏళ్ళయింది, తప్పులుంటే జయలక్ష్మి ఆంటీని దిద్దుకోమను.

బాపు రివాల్వర్ల విషయంలో నిన్ను అడగాల్సింది. ఆ రోజుల్లో అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. అవి నీకు కావాలని నాకు నిజంగా తెలియదు.

నేను కొంచెం చదివి చూశాను. నీకు బాపు జ్ఞాపకంగా ఒక వస్తువు కావాలంటే వేరే దారి ఉంది. వందేళ్ళు దాటిన రివాల్వర్లు, ఇప్పుడు వాటికి తూటాలే దొరకనివి, అలంకారంగా ఉంచుకోవడానికి సర్టిఫికెట్ అవసరం లేదు. ఒకటి మంచిది కొని, అద్దం పెట్టెలో పెట్టి నేనే తెస్తాను. కలెక్షన్ అంటే అదే కదా. గోడకు పెట్టుకో, రోజూ చూసుకో. పోలీసులు, ఇనుప బీరువాలు, ఇవన్నీ ఈ వయసులో నీకెందుకు?

నిద్ర పడుతోందా? ఎన్నింటికి మెలకువ వస్తోంది? ఆకలి ఎలా ఉంది? మీ జీపీ డాక్టరు దగ్గరికి చివరిసారి ఎప్పుడు వెళ్ళావు? వీటికి తప్పకుండా జవాబు రాయించు. కొన్నాళ్ళు షెఫీల్డ్ వచ్చి మాతో ఉండు. కింది గది ఖాళీగానే ఉంది. ప్రవల్లిక కూడా అదే అంటోంది.

నీ భాస్కర్

·

స్టీవెనేజ్,
8 జూలై 2024

భాస్కర్‌కు,

అద్దం పెట్టెలో పెట్టి తెస్తావా? గోడకు కొట్టుకోవాలా? పేలని రివాల్వర్ నాకెందుకురా? ఇరవై ఏళ్ళు అద్దం వెనక నుంచి చూసింది చాలదా, ఇప్పుడు దాన్ని అద్దం వెనక పెట్టి మళ్ళీ నన్ను ముందు కూర్చోబెడతావా? కలెక్షన్ నేనూ చేస్తాను. ముందు కాల్చేది ఒకటి ఉండాలి, చూసుకునేవి తర్వాత. ముందే చూసుకునేది కొనుక్కుంటే అది కలెక్షన్ కాదు, షోకేసు.

డీలరు కొట్లో ఏం జరిగిందో విను, నా తలకాయ పనిచేస్తోందో లేదో నీకే తెలుస్తుంది. నన్ను చూడగానే ఆ మనిషి ఇత్తడి ఒంటి రివాల్వర్ తీశాడు. బంగారంలా మెరుస్తోంది. "ఆడవాళ్ళకు ఇది నచ్చుతుంది" అన్నాడు. నేను కీత్ మొహం చూశాను. కీత్ ఇత్తడి మెత్తన అనీ, కాల్చగా కాల్చగా అతుకులు వదులవుతాయనీ చెప్పాడు. పక్కన పెట్టించాను. తర్వాత నల్ల ఉక్కుది ఒకటి. పొడుగు గొట్టం, తిరిగే రోలు మీద చుట్టూ ఓడల బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఏమందంరా! చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాలేదు. కానీ దానికి పైన పట్టీ లేదు, గురి చూసుకునే గాడి, వెనక్కి లాగి వదిలితే మందును పేల్చే సుత్తి మీదే ఉంది, సుత్తి కదిలితే గాడీ కదులుతుంది. నా కళ్ళకు అది అందదు. అది ఎప్పటికైనా కొంటాను, చూసుకోవడానికి.

మూడోది స్టెయిన్‌లెస్. పైన పట్టీ ఉన్నది, గాడి ఆ పట్టీలోనే. పెద్ద గుండుది కాదు, చిన్న గుండుది, ముప్పై ఆరు అంటారు. వెనక్కి తన్నడం తక్కువ. మసి కడగడం సులువు, తుప్పు భయం తక్కువ. చూడటానికి స్టీలు గిన్నెలా ఉంటుంది, ఏ అందమూ లేదు. కానీ దాని సుత్తిని నా బొటనవేలు ఒక్కటే వెనక్కి లాగగలిగింది. మిగతా రెండింటికీ రెండో చెయ్యి సాయం కావలసి వచ్చింది. నేను చెయ్యి పెట్టి "ఇది" అన్నాను. డీలరు ఆ ఇత్తడిదాన్ని మళ్ళీ నా వైపు జరిపాడు. నేను "నాయనా, అది నీ పెళ్ళానికి తీసుకపో" అన్నాను. తెలుగులోనే అన్నాను. కీత్ నవ్వాడు, ఏమర్థమయిందో ఏమో.

ఇంకొకటి విను. మందు కొంచెమే పోస్తాం గదా, దాని మీద గుండు పెడితే కిందికి దిగిపోతుంది. మధ్యలో ఖాళీ నింపడానికి వీళ్ళు ఏం పోస్తారో తెలుసా? ఉప్మా రవ్వ! ఈ దేశపు వాళ్ళు పెద్ద కొట్లలో చిన్న డబ్బాలు కొని తెస్తారు. నేను స్లౌ ఊళ్ళోని మన కొట్టు నుంచి తెప్పించిన బస్తాలోంచి తీసుకుపోతే ఇప్పుడు క్లబ్బంతా నా రవ్వే కాలుస్తున్నారు. వేయించిన రవ్వ కూడా పనికొస్తుందా అని ఒకడు అడిగాడు.

నీ ప్రశ్నలకు జవాబు. నిద్ర పడుతోంది. ఆకలి అవుతోంది. పొద్దున తెల్లారినప్పుడు లేస్తున్నాను. నేను నీ పేషెంటును కాను. మనసు డాక్టరువని నీ కుర్చీ తెచ్చి నా ఇంట్లో వేయకు.

నీ కింది గదిలో కూర్చుని మీ ఇద్దరూ డ్యూటీ నుంచి ఎప్పుడు వస్తారా అని కిటికీలోంచి చూడటానికి నేను రాను. నా ఆదివారాలు నాకున్నాయి.

దీవెనలు ఉన్నాయి. ఈసారికి ఒక్కటే పంపుతున్నాను, ఇద్దరూ పంచుకోండి.

కమలాబాయి

·

షెఫీల్డ్,
21 జూలై 2024

అమ్మా,

నీ కోపం అర్థమైంది. ఒక్కటే అడుగుతున్నాను. బాపు సంవత్సరీకం జనవరిలో వస్తుంది. అది అయ్యేదాకా అప్లికేషన్ ఆపు. ఈ ఏడాది పెద్ద నిర్ణయాలేవీ వద్దు. నీ వేళ్ళ నొప్పులు, నీ కళ్ళు, నీ ఇంగ్లీషు, ఇవన్నీ కూడా ఆలోచించు. పోలీసులు అడిగే ప్రశ్నలకు నువ్వు చెప్పే జవాబులు వాళ్ళు వేరేగా అర్థం చేసుకోవచ్చు.

నా మాట మీద గౌరవం ఉంచి ఆపు. ఎందుకని అడగకు.

భాస్కర్

·

స్టీవెనేజ్,
22 సెప్టెంబర్ 2024

విజయభాస్కర్‌కు,

"ఎందుకని అడగకు" అన్నావు, అడగలేదు. నాకు తెలిసింది గనుక. మీ హాస్పిటల్లో ఎవరైనా "మీ అమ్మ ఏం చేస్తారు?" అంటే తుపాకి కాలుస్తుందని చెప్పడానికి నీకు సిగ్గు. సంతకం కూడా సరిగ్గా రాని తల్లి. ఇంకా నయం, నువ్వు అప్లికేషన్ ఆపమన్నప్పటికే అది పోలీసుల దగ్గరికి పోయింది. లేకపోతే నీ గౌరవం కోసం ఆపేదాన్నేమో. అంత మెత్తదాన్ని నేను.

మొన్న బుధవారం పోలీసుల నుంచి ఒకామె ఇల్లు చూడటానికి వచ్చింది. మర్యాదైన మనిషి, చెప్పులు గుమ్మం దగ్గరే విప్పింది. పడకగదిలో బట్టల అలమర తీసి చూపించాను. ఉక్కు పెట్టెను కీత్ వచ్చి గోడకు బోల్టులతో బిగించాడు. ఆమె అటూ ఇటూ లాగి చూసింది, కదల్లేదు. తలుపు మీద నేను పెట్టిన పసుపూ కుంకుమా చూసి "తుప్పు పట్టిందా?" అంది. "కాదమ్మా, ఆయుధం వచ్చే ఇల్లు, ముందే పూజ చేసి పెట్టిన" అన్నాను. రాసుకుంది. నవ్వుతూనే రాసుకుంది. అంతా బాగుందనుకున్నాను.

అప్పుడు కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది. భర్త పోయాక దిగులుగా ఉంటున్నారా? బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా? మీ వస్తువులు ఎవరికైనా ఇచ్చేశారా? నేను టీ కప్పు కింద పెట్టాను. ఆ చివరి ప్రశ్న పోలీసు పుస్తకంలో ఉండేది కాదు. ఎవరో చెబితే అడిగింది. ఎవరు చెప్పారని అడిగితే "ఆ సమాచారం ఇవ్వలేను" అంది. అప్లికేషన్ పక్కన పెట్టి, జీపీ దగ్గరి నుంచి ఇంకో రిపోర్టు తెప్పించుకుని మళ్ళీ వస్తానంది.

నా వస్తువుల సంగతి తెలిసింది మీ ఇద్దరికే, కన్నకొడుకువి నువ్వు చెప్పవు. చెబితే నీ భార్యే చెప్పాలి. నేను ఇచ్చింది ఆమెకే గదా. ఫోన్ చేసి కడిగేశాను. "నా కోడలివై నా మీద పోలీసులకు పితూరీ పెడ్తవానే? నేనిచ్చిన పట్టుచీర కట్టుకుని, నా ఇంటి మీదికే పంపిస్తవా?" అన్నాను. ఏడ్చింది. "నేను కాదత్తమ్మా" అని అనలేదు, అవుననీ అనలేదు. ఏడిస్తే నేను కరుగుతానా? ఇక ఆమె నా ఇంటికి రావద్దు. నువ్వొక్కడివే రా, లేకపోతే అసలు రాకు.

(అక్క తరువాత చెప్పిన మూడు మాటలు నేను రాయలేదు. — జయలక్ష్మి)

కమలాబాయి

·

షెఫీల్డ్,
29 సెప్టెంబర్ 2024

అమ్మా,

ప్రవల్లిక కాదు. నేను.

ఆమె నీ తిట్లన్నీ పడి కూడా నా పేరు చెప్పలేదు. వారం నుంచి సరిగ్గా తినడం లేదు. ఇక దాచడం నావల్ల కాదు.

జూలైలో నేనే పోలీసుల లైసెన్సింగ్ వాళ్ళకు ఫోన్ చేశాను. మా అమ్మ ఆరోగ్యం గురించి నాకు భయంగా ఉందని చెప్పాను. ఎందుకో చెబుతాను, పూర్తిగా చదివించుకో.

బాపు పదో రోజున స్లౌ నుంచి రాజేశ్వరమ్మ అత్త వచ్చి గాజులు తీయించడానికి నిన్ను స్నానాల గదిలోకి తీసుకెళ్ళింది. నువ్వు అత్త చెయ్యి తోసేసి, అందరి ముందుకీ వచ్చి, "ఈ గాజులు మా అమ్మ తొడిగింది, నీ తమ్ముడు కాదు" అన్నావు. అత్త అలిగి భోజనం చేయకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నిన్ను చూసి నాకు ధైర్యం వచ్చింది. అమ్మ ఉంటుంది, అమ్మ నిలబడుతుంది అనుకున్నాను.

నెల తిరక్కుండా నువ్వే మా ఇంటికి వచ్చి ఆ బంగారు గాజులు నీ చేతులతో తీసి ప్రవల్లిక చేతిలో పెట్టావు. పట్టుచీరలన్నీ సూట్‌కేసులో తెచ్చి ఇచ్చావు. "ఇవి నాకిక అక్కర్లేదు" అన్నావు. ఇంకొక్క మాట చెప్పలేదు. ఆ మరుసటి వారమే తుపాకుల క్లబ్బులో చేరావని తెలిసింది.

అమ్మా, నా పని ఏమిటో నీకు తెలుసు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేసి, ప్రశాంతంగా కనిపించే మనుషుల గురించి నేను జూనియర్ డాక్టర్లకు పాఠం చెబుతాను. నువ్వు జూన్‌లో ఫోన్ చేసి రివాల్వర్ అనగానే నేను నవ్వింది నవ్వు కాదు.

నాకు సిగ్గు లేదు. నీ సంతకం మీద సిగ్గు లేదు. భయం మాత్రమే ఉంది. చేసిన పనికి బాధపడుతున్నాను గానీ, మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ ఫోన్ చేస్తాను.

భాస్కర్

·

స్టీవెనేజ్,
6 అక్టోబర్ 2024

భాస్కర్,

దీవెన లేదు. దండం లేదు. జయలక్ష్మి నీ ఉత్తరం చదివి లోపలికి పోయి మొహం కడుక్కుని వచ్చింది. నేను ఏడవలేదు. చదువు, చెబుతున్నాను.

ముందు ప్రవల్లికకు. బిడ్డా, తప్పు నాది. నిన్ను అనరాని మాటలన్నాను. మొగుణ్ణి కాచుకున్నావు, మంచిదే, కానీ ఇంకోసారి నన్ను అట్లా మాట్లాడనివ్వకు. ఎదురు చెప్పు. ఈసారి నా ఇంటికి నువ్వే ముందు రావాలి.

ఇప్పుడు నీకు. గాజుల సంగతి అడుగుతావా? రాజేశ్వరమ్మ తీసేస్తానంటే ఎందుకు ఇవ్వలేదు? అవి నావి గనుక. మొగుడు పోతే ఆడదాని చెయ్యి బోసిగా ఉండాలని ఆమె రాసిపెట్టుకొచ్చింది గనుక. మరి నేనే ఎందుకు తీశాను? మొదటి ఆదివారం గురి పెడితే గాజులు గలగలమన్నాయి. రెండోసారి కాలిస్తే రివాల్వర్ పైకి తన్ని గాజు వచ్చి మణికట్టు ఎముక మీద కొట్టింది. నల్లగా కమిలింది. కీత్ "కమలా, కాల్చే లైన్ మీదికి వస్తే ఇవి వద్దు" అన్నాడు. అందుకు తీశాను! ఇంట్లో ఊరికే పడి ఉండేకంటే కోడలు తొడుక్కుంటుందని ఇచ్చాను. ఒకరు మొగుడు పోయాడని తియ్యమన్నప్పుడు తియ్యలేదు. నా గురి కుదరాలని తీశాను. నా చేతి గాజులు నేను ఎప్పుడు తీస్తానో అది నా ఇష్టం. దీన్ని నువ్వు చావు అనుకున్నావా?

చీరలంటావా? అలమరలో ఉక్కు పెట్టె పట్టాలి గదరా! చీరలుంటే ఎక్కడ పెట్టను? ఇప్పుడు ప్యాంటు వేసుకుని, బాపు పాత కోటు తొడుక్కుని పోతున్నాను. పట్టుచీర కొంగు మీద నిప్పురవ్వ పడితే తగలబడుతుంది.

క్లబ్బులో తర్వాత చేరాను అంటున్నావు. చేరింది ముందే. నీకు చెప్పింది తర్వాత. ఎందుకు చెప్పలేదంటే, నువ్వు బాపు తుపాకులు అమ్మించావు గనుక. నీ మీద కోపంతో చెప్పలేదు. అంతే.

నువ్వు భయపడ్డావు, అది తప్పనను. కొడుకువి. తల్లి కోసం భయపడటం తప్పయితే ఇక ఏది ఒప్పు? పోలీసులకు ఫోన్ చేయడం కూడా తప్పనను. ఇంట్లోకి తుపాకి వస్తున్నప్పుడు అనుమానం ఉన్నవాడు చెప్పాల్సిందే. కీత్ కూడా అదే అన్నాడు.

కానీ నా కడుపు ఎక్కడ మండుతోందో తెలుసా? రోజూ పొద్దున నువ్వు వార్డుకు పోయి, ఊరూ పేరూ తెలియని మనుషుల మంచం పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళలోకి చూసి ఆ ప్రశ్న అడుగుతావు. దానికే నీకు జీతం. నీ తల్లిని మాత్రం అడగలేదు. నిద్ర పడుతోందా అన్నావు, ఆకలి అవుతోందా అన్నావు, టాబ్లెట్లు అన్నావు, గోడకు పెట్టుకో అన్నావు, సంవత్సరీకం దాకా ఆగు అన్నావు. చుట్టూ తిరిగావు. అసలు ప్రశ్న ఒక పోలీసామెతో అడిగించావు. ఆమె పరాయి పిల్ల, నా సోఫా అంచు మీద కూర్చుని అడిగింది. నువ్వు కన్నకొడుకువి, ఎనిమిది నెలలు అడగలేకపోయావు.

నీకు అడిగే ధైర్యం వచ్చేదాకా నాకు ఉత్తరం రాయకు.

కమలాబాయి

·

షెఫీల్డ్,
12 అక్టోబర్ 2024

అమ్మా,

బతకాలని లేదని నీకు అనిపించిందా? ఇప్పుడు అనిపిస్తోందా?

భాస్కర్

·

స్టీవెనేజ్,
10 నవంబర్ 2024

చిరంజీవి భాస్కర్‌కు, దీవెనలు. ఈసారి ముందే ఇస్తున్నాను.

ఆలస్యానికి కారణం ఉంది. నీకు జవాబు రాయించేలోపు ఆ పోలీసామె మళ్ళీ వస్తానని కబురు పెట్టింది. ముందు ఆమెకు ఏం చెబుతానో చూసుకుని, అదే నీకు చెబుదామని ఆగాను. ఇద్దరికీ రెండు జవాబులు ఉండకూడదు.

క్లబ్బులో కొందరు చెవిలో చెప్పారు, "లేదు అను, ఏమీ లేదు అను, మూడు వారాల్లో సర్టిఫికెట్ వస్తుంది" అని. జీపీ రిపోర్టు కూడా బాగానే వచ్చిందట. లేదు అంటే అయిపోయేది. జయలక్ష్మి కూడా అదే అంది, ఇప్పుడు ఈ మాట రాస్తూ తల దించుకుంది.

ఆమె మొన్న గురువారం వచ్చింది. మళ్ళీ అదే సోఫా, అదే గొంతు. అడిగింది. నేను చెప్పాను.

అనిపించింది. మీ బాపు పోయిన ఆ చలికాలం అనిపించింది. నువ్వు రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతుంటే తిన్నాను అని చెప్పి, వండిన అన్నం పక్షులకు వేసిన రోజులు ఉన్నాయి. తెల్లారిందంటే ఎందుకు తెల్లారిందా అని విసుగు. ఒక ఆదివారం కీత్ వచ్చాడు, బాపు ఫ్లాస్కు క్లబ్బులో మిగిలిపోయిందని ఇవ్వడానికి. "నువ్వు లేక టీ తాగలేకపోతున్నాం కమలా" అన్నాడు. టీ కాచడానికే పోయాను. కాచి, వాళ్ళకు పోసి, ఎప్పటిలాగే అద్దం వెనక కూర్చున్నాను. అద్దం అవతల బాపు నిలబడే చోటు ఖాళీగా ఉంది. చాలాసేపు చూశాను. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. బాపు మీద, నీ మీద, ఆ గాజుల మనిషి మీద, నా మీద కూడా. లేచి పోయి, "కీత్, ఈ టీ పని ఇంకెవలన్నా చూసుకోండ్రి. నేను కాలుస్త" అన్నాను. ఆ రోజు ఆరు గుండ్లలో ఒక్కటి అట్టకు తగిలింది. అంచున తగిలింది. ఇంటికొచ్చి అన్నం వండుకుని నేనే తిన్నాను. ఆ తర్వాత అట్లా అనిపించలేదు. ఇప్పుడు లేదు.

ఇదంతా ఆమెకు చెప్పాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆమె చాలాసేపు రాసుకుంది. చివర నా చెయ్యి పట్టుకుంది, "మీరు చెప్పినందుకు థాంక్స్" అంది. నిన్న ఉత్తరం వచ్చింది. ఇప్పుడే ఇవ్వరట. ఆరు నెలల తర్వాత డాక్టరు రిపోర్టుతో మళ్ళీ చూస్తారట. అందాకా క్లబ్బు రివాల్వర్‌తో, క్లబ్బు మనుషుల ముందు కాల్చుకోవచ్చట.

నిజం చెప్పినందుకు ఆరు నెలలు! చదివించుకుని నేను గిన్నె విసిరికొట్టాను. సొట్ట పడింది. అబద్ధం చెప్పి ఉంటే ఈ పాటికి నా పేరు మీద వచ్చేది. కానీ నా పేరు మీద వచ్చే మొదటి కాగితం, అబద్ధం మీద రాకూడదు. కోపం పోలేదు, చెబుతున్నాను. ఆ ఆఫీసు మీద ఉంది, నీ మీద ఇంకా కొంచెం ఉంది. డీలరుకు ఫోన్ చేయించి ఆ స్టెయిన్‌లెస్‌ది ఎవరికీ అమ్మవద్దని గట్టిగా చెప్పించాను. ఇత్తడిది కావాలంటే ఎవరికైనా ఇచ్చుకోమన్నాను.

నువ్వు ఒకటి చెయ్యి. నా తరఫున ఎవరికీ ఏమీ రాయకు. మా అమ్మ మంచిది, నెమ్మదస్తురాలు, అని మీ డాక్టరు ఇంగ్లీషులో సర్టిఫికెట్ ఇవ్వకు. నేను నెమ్మదస్తురాలిని కాను. నా కేసు నేనే చెప్పుకుంటాను, మే నెలలో కూడా.

ఈ నెల చివరి ఆదివారం క్లబ్బులో గెస్ట్ డే. మెంబరు కాని వాళ్ళు కూడా వచ్చి చూడొచ్చు. ప్రవల్లికను తీసుకుని రా. చెవులకు మూతలు, కళ్ళకు అద్దాలు వాళ్ళే ఇస్తారు. పొగ బాగా వస్తుంది, మంచి బట్టలు వేసుకురాకు. టీ ఎవరో కాస్తారు, బాగుండదు, తాగు. అద్దం వెనక కూర్చోవద్దు. లోపలికి రా, కీత్‌కు చెప్పి ఉంచుతాను, నా వెనక నిలబడు. నేను గురి పెట్టినప్పుడు మాట్లాడకు. కాల్చి, రివాల్వర్ కింద పెట్టాక, ఏమైనా అడుగు.

ఇట్లు,
కమలాబాయి
(ఈ సంతకం అక్క స్వయంగా చేసింది. — జయలక్ష్మి)